ఊళ్లెకా, కాలనీలకా? - ఒక ఇంగ్లీషు మాట, రెండు అర్థాలు

షాద్‌నగర్ బస్టాండులో దిగి ఆటో ఎక్కితే డ్రైవర్ "ఏ కాలనీ?" అని అడుగుతడు. ఆ ప్రశ్నలో కులం లేదు. మనం ఏదో ఒక కాలనీ పేరు చెప్తం, అతను కిరాయి చెప్తడు, అంతే. అక్కడినుంచి పది పన్నెండు కిలోమీటర్లు లోపలికి పోయి ఒక ఊళ్లో దిగుదాం. కొత్త మనిషిని చూసి రచ్చకట్ట మీద కూసున్న పెద్దమనిషి అడుగుతడు: "ఎవరింటికి పోవాలె? ఊళ్లెకా, కాలనీలకా?" మాట అదే. కానీ ఇక్కడ అది దారి అడిగినట్టు ఉండి కులం అడిగే ప్రశ్న. మనం "కాలనీలకే" అని జవాబు చెప్పిన తర్వాత ఆ మనిషి గొంతు మారుతది. "మీరు" అన్నోడు "నువ్వు" అంటడు. నీళ్లు తాగుతవా అని అడగడు.

ఒకే ఇంగ్లీషు మాట పట్నంలో ఇజ్జత్ ఉన్న అడ్రసు ఎట్లయింది? ఊళ్లో కులం పేరుకు మారుపేరు ఎట్లయింది? ఈ మధ్య కొన్ని రాష్ట్ర ప్రభుత్వాలు ఈ మాటనే రికార్డుల నుంచి తీసేస్తున్నయి. తీసేస్తే ఏమైతది, ఏం కాదు? ఈ వ్యాసంలో వీటిని చర్చించదలుచుకున్నాను. ఇది భాషాశాస్త్రం చర్చ మాత్రమే కాదు. మన పిల్లల ఆధార్ కార్డు మీద, బడి సర్టిఫికెట్ మీద, ఉద్యోగం దరఖాస్తులో అడ్రసు గడిలో ఉన్న మాట ఇది.

మాట ఎక్కడిది

కాలనీ అనే మాటకు మూలం లాటిన్ భాషలోని "కొలోనియా". దానికి ముందున్నది "కొలోనస్". కొలోనస్ అంటే భూమి దున్నేవాడు, రైతు. దున్నడం, సాగుచేయడం అనే అర్థమున్న ధాతువు నుంచే ఈ మాట వచ్చింది. కల్టివేషన్, కల్చర్ అనే మాటలు కూడా అక్కడినుంచి వచ్చినవే. అంటే పుట్టుకలో ఈ మాటకు భూమితో సంబంధం ఉంది. రోమన్లు తాము గెలిచిన ప్రాంతాలలో కొత్త ఊళ్లు కట్టి, సైన్యంలో పనిచేసి దిగిపోయిన వాళ్లకు అక్కడ భూములు పంచేవాళ్లు. ఆ ఊళ్లను కొలోనియాలు అన్నారు. జర్మనీలో ఉన్న కొలోన్ నగరానికి ఆ పేరు అట్లా వచ్చిందే. మన దగ్గర పెళ్లిళ్లలో చల్లే ఓడికొలోన్ సెంటు పేరులో ఉన్నది కూడా ఆ నగరమే.

రోమన్ సామ్రాజ్యం చివరి కాలానికి కొలోనస్ పరిస్థితి తారుమారైంది. స్వతంత్ర రైతు పోయి భూస్వామి భూమికి కట్టుబడిన కౌలుదారు మిగిలాడు. క్రీ.శ. 332లో కాన్‌స్టాంటైన్ చక్రవర్తి చేసిన చట్టం ప్రకారం భూమి విడిచి పారిపోవాలని చూసే కొలోనస్‌కు సంకెళ్లు వేయవచ్చు. హైదరాబాద్ రాజ్యంలో అప్పుకు కట్టుబడి తరతరాలు దొర దగ్గర జీతం చేసిన భగేలాల సంగతి తెలిసినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. నిజాం ప్రభుత్వం 1936లో భగేలా ఒప్పందాల మీద చట్టం తెచ్చేదాకా ఆ కట్టుబానిసత్వానికి పేరుకైనా అడ్డు లేకుండె. మాట పుట్టింది దున్నేవాడి పేరు మీద. ఆ దున్నేవాడు బానిస అయినా మాట మాత్రం అట్లనే మిగిలింది.

తర్వాత యూరప్ దేశాలు సముద్రాలు దాటి పోయి ఇతరుల దేశాలను పట్టుకున్నప్పుడు వాటికీ ఇదే పేరు పెట్టాయి. ఈ అర్థాన్ని మన పాఠ్యపుస్తకాలు "వలస రాజ్యం", "వలస పాలన" అని తెలుగు చేశాయి. చీమల పుట్టకు, తేనెటీగల గుంపుకు జీవశాస్త్రంలో కాలనీ అనే అంటారు. కుష్ఠురోగులను దూరం పెట్టిన చోటునూ కాలనీ అన్నారు. ఈ వాడుకలన్నిట్లో ఉమ్మడిగా ఉన్నది ఒకటే: ఒక గుంపు, ఆ గుంపుకు ఒక గీత గీసిన జాగా. గీత ఎవరు గీశారు అన్నదాన్ని బట్టి మాట బరువు మారుతది. తమకు తాము గీసుకున్న గీత లోపల ఉన్నవాళ్లకు కాలనీ రక్షణ. ఇంకొకడు గీసిన గీత లోపల ఉన్నవాళ్లకు అది వెలి.

బడిలో ఒక తికమక

ఎనిమిదో తరగతిలో సాంఘికశాస్త్రం సారు "మన దేశం ఒకప్పుడు బ్రిటిష్ వాళ్ల కాలనీ" అని చెప్పిండు. నేను కాలనీ నుంచి పోయి చదువుకున్న పిల్లవాణ్ణి. నాకు తెలిసిన కాలనీ ఒకటే. దేశమంతా మా తీరుగనే ఉండెనా, అందరూ ఊరి బయటనే ఉండిరా అనుకున్న. "మరి మన కాలనీ ఎవరిది సార్?" అని అడిగితే క్లాసంతా నవ్వింది. సారు కూడా నవ్వి, "కూసో" అన్నడు. ఆ నవ్వు చాలా ఏండ్లు నన్ను సతాయించింది. విశ్వవిద్యాలయంలో చేరి వలసవాదం మీద లావు లావు పుస్తకాలు చదివినంక అర్థమైంది, నేను అడిగినదాంట్లో తప్పు లేదని. ఆ పుస్తకాలలో చాలావాటికి ఇంగ్లీషువాడి కాలనీ తెలుసు. ఊరి పక్కనున్న కాలనీ తెల్వదు.

"వలస" అనే అనువాదం దగ్గర పాలమూరోనికి ఇంకొక చిక్కు ఉంది. మా జిల్లాలో వలస అంటే రాజ్యం కాదు. వలస అంటే గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకొని, పిల్లలను ముసలోళ్ల దగ్గర విడిచి, ప్రాజెక్టుల మట్టిపనికి దేశం మీద పడుడు. ఇంగ్లీషువాడు వలస పోయి రాజయిండు. పాలమూరు లేబర్ వలస పోయి కూలి అయింది. ఈ రెంటికీ ఒకటే తెలుగు మాట పెట్టినవాళ్లు పాలమూరు దిక్కు చూసి ఉండరు. ఎండకాలం మా దగ్గర చాలా కాలనీల్లో తాళాలే కనపడేవి. కాలనీలో ఉన్నవాళ్లే వలస పోయేటోళ్లు. నిఘంటువులో ఈ రెండు మాటలకూ ఒకటే అర్థం. బతుకులో మాత్రం ఒకటి మేము ఉండే చోటు, ఇంకొకటి అక్కడ బతకలేక పోయే తొవ్వ.

వాడ కాలనీ ఎట్లయింది

మా నాయనమ్మ చనిపోయేదాకా కాలనీ అనలేదు. "వాడ" అనే అన్నది. మాలవాడ, మాదిగవాడ అనేవే మన దగ్గర పాత పేర్లు. కర్ణాటక సరిహద్దు దిక్కు గేరి అంటరు. కోస్తాలో పల్లె, గూడెం అంటరు. ఒక సంగతి గమనించాలి. వాడ అనే మాటలో తక్కువతనం ఏమీ లేదు. విజయవాడలో ఉన్నదీ వేములవాడలో ఉన్నదీ ఆ వాడే. పల్లె అనే మాటను కవులు ఎంతగా పొగిడారో లెక్కలేదు. ముందు కులం పేరు చేరినప్పుడే ఆ మాట ఊరి బయటికి పోయింది.

1933లో గాంధీ "హరిజన్" పత్రిక మొదలుపెట్టిన తర్వాత ఆ పేరు ప్రభుత్వ కాగితాల్లోకి పాకింది. మాలవాడ, మాదిగవాడ రెండూ "హరిజనవాడ" అయినాయి. ఈ పేరు మనం అడిగింది కాదు. అంతకు చాలా ముందే, 1917లో బెజవాడలో జరిగిన సభలో భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన మనవాళ్లు "పంచమ" అనే మాటను తోసేసి "ఆది ఆంధ్ర" అని తమ పేరు తాము పెట్టుకున్నారు. హైదరాబాద్ రాజ్యంలో "ఆది హిందూ" అనే పేరు కోసం ఆయన పోరాడితే 1931 జనాభా లెక్కల్లో ఆ పేరు ఎక్కింది. పెట్టుకున్న పేరును పక్కకు పెట్టి, పెట్టిన పేరును రుద్దారు. కులధృవీకరణ పత్రాల్లో హరిజన అని రాయొద్దని కేంద్రం 1982లో రాష్ట్రాలకు చెప్పింది. అయినా కొన్ని ప్రాథమిక పాఠశాలల పేర్ల పక్కన బ్రాకెట్లో "హెచ్‌.డబ్ల్యు." అనే రెండక్షరాలు కనపడతయి. దాని అర్థం హరిజనవాడ. అక్షరాలు కుదించినా అర్థం కుదించలేదు.

ఇక కాలనీ. 1975 జులైలో ఇందిరాగాంధీ ప్రకటించిన ఇరవై సూత్రాల కార్యక్రమంలో భూమిలేని పేదలకు ఇండ్ల జాగాలు ఇవ్వడం ఒకటి. 1979లో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ వచ్చింది. ఎన్‌.టి.రామారావు ప్రభుత్వం బలహీనవర్గాలకు పక్కా ఇండ్లు అన్నది. 1985లో మొదలైన ఇందిరా ఆవాస్ యోజన మొదట ఉద్దేశించింది ఎస్సీ, ఎస్టీ కుటుంబాలనూ విడుదలైన వెట్టికూలీలనూ. 2006లో ఇందిరమ్మ ఇండ్లు వచ్చినయి. ఇట్లా మూడు నాలుగు దశాబ్దాల్లో ఒక్కొక్క ఊరి పక్కన వరుసగా ఒకేతీరు ఇండ్లు లేచినయి. వాటికి దఫ్తరులో పెట్టిన పేరు కాలనీ. రెవెన్యూ గుమాస్తా రాసిన మాట జనం నోటికెక్కింది.

ఈ కాలనీల వల్ల మేలు జరగలేదని నేను అనను. గుడిసె పోయి గోడ వచ్చింది. వానకు తడవకుండా పుస్తకం పెట్టుకునే గూడు వచ్చింది. నేను చదివింది ఆ గోడల మధ్యనే. పట్టా కాగితం చేతికి వచ్చింది, అదీ చాలా ఇండ్లలో ఆడవాళ్ల పేరు మీద. దొర జాగాల గుడిసె వేసుకున్నోడు దొరకు ఎదురు మాట్లాడలేడు. సొంత పట్టా ఉన్నోడు మాట్లాడగలడు. ఇది చిన్న సంగతి కాదు.

కానీ ఆ జాగా ఎక్కడ ఇచ్చిండ్రు? మన దగ్గర చాలా ఊళ్లలో పాత వాడకు ఆనుకొని, లేకుంటే దానికంటే ఇంకా అవతల. పంట పండని గట్టు కిందనో, వాన నీళ్లు నిలిచే పల్లంలోనో. ఊరి నడుమ ఖాళీ జాగా ఉన్నా అక్కడ ఎస్సీలకు ఇండ్లు ఇచ్చిన ఊళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. గుడిసెలున్న వాడను సర్కారు సిమెంటుతో మళ్లీ కట్టింది, గీత మాత్రం జరగలేదు. 2024లో తెలంగాణలో మళ్లీ మొదలైన ఇందిరమ్మ ఇండ్ల పథకంలో కూడా సొంత జాగా ఉన్నవాళ్లకు కట్టుకోవడానికి 5 లక్షల రూపాయలు ఇస్తున్నరు. సొంత జాగా ఎక్కడున్నది? కాలనీలోనే. ఇల్లు పెద్దదైతది, చోటు మారదు.

ఇంటి లోపల కూడా చూడాలి. గజాలు కొలిచి ఇచ్చిన ఆ జాగాల్లో గొడ్ల కొట్టానికి తావు లేదు, కోళ్ల గూటికి తావు లేదు. తోలు పని చేసేటోళ్లకు లంద పెట్టుకునే తావు లేదు. పది మంది కూసునే అరుగు లేదు. పోచమ్మ, ఎల్లమ్మ పాత వాడలోనే ఉండిపోయిండ్రు. కాలనీ ప్లాను గీసిన ఇంజనీరు లెక్కల్లో మేము రాత్రి పండుకునే మనుషులం మాత్రమే. పని చేసే మనుషులం, దేవునికి చేసుకునే మనుషులం, పది మందిని పిలుచుకునే మనుషులం అనుకోలేదు.

పట్నం కాలనీ

ఇదే మాట పట్నంలో చూడండి. హైదరాబాదులో సర్కారు ఉద్యోగుల కాలనీలు, బ్యాంకు ఉద్యోగుల కాలనీలు, హౌసింగ్ బోర్డు కాలనీలు వచ్చినయి. రైల్వే కాలనీ, సింగరేణి కాలనీ అంటే పర్మినెంటు నౌకరికి గుర్తు. నల్లగొండ జిల్లాలో నాగార్జునసాగర్ చూద్దాం. 1955 డిసెంబరు 10న నెహ్రూ పునాదిరాయి వేసిన ఆ ప్రాజెక్టు దగ్గర హిల్ కాలనీ, పైలాన్ కాలనీ అని ఇప్పటికీ పేర్లున్నయి. వరుస క్వార్టర్లు, చెట్లు, రోడ్లు, దవాఖాన, బడి. కట్ట పోసిన కూలీలు ఉన్నది తట్టీ, పార పక్కన పెట్టుకొని గుడిసెల్లో. వాళ్లలో మా పాలమూరు జనం ఎంతోమంది. ప్రాజెక్టు అయిపోయినంక క్వార్టర్లకు పేరు మిగిలింది. గుడిసెలకు పేరు కూడా మిగలలేదు.

ఇక షాద్‌నగర్. ఈ పేరు హైదరాబాద్ రాజ్యంలో ప్రధానిగా పనిచేసిన మహారాజా కిషన్ ప్రసాద్ కలంపేరు "షాద్" మీద వచ్చిందని చెప్తరు. షాద్ అంటే సంతోషం. మండలం పేరు ఫరూఖ్‌నగర్. 2016 అక్టోబరు దాకా మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండె, ఇప్పుడు రంగారెడ్డిలో ఉంది. హైవే పక్కన ఉండుడు, చుట్టూ కొత్తూరు, నందిగామ దిక్కు ఫ్యాక్టరీలు రావడం, 2008లో శంషాబాద్ ఎయిర్‌పోర్టు మొదలు కావడం, వీటితోని ఇక్కడి భూముల రేటు మారిపోయింది. జొన్న, కంది పండిన చెల్కల్లో రాళ్లు పాతి వెంచర్లు చేసిండ్రు. వాటి పేర్లు చూస్తే ఇప్పుడు కాలనీ అనే మాట కూడా వాళ్లకు చాలడం లేదని తెలుస్తది. ఎన్‌క్లేవ్, కౌంటీ, టౌన్‌షిప్, గేటెడ్ కమ్యూనిటీ. చుట్టూ గోడ, గేటు, గేటు కాడ కాపలాదారు. ఊరు మమ్మల్ని గీత అవతల పెట్టింది. వీళ్లు పైసలు పెట్టి తమ చుట్టూ తామే గీత గీసుకుంటున్నరు. ఆ గేటు లోపల ఊడ్చేటందుకు, గిన్నెలు తోమేటందుకు పొద్దున్నే పోయేది మళ్లీ మన కాలనీ ఆడవాళ్లే.

పట్నం కాలనీలో కులం లేదనుకుంటే కూడా పొరపాటే. అక్కడ కులం వేరే తీరుగా అడుగుతరు. నేను ఒక పట్నంలో రూం కోసం తిరిగినప్పుడు ఇంటాయన ముందుగా ఊరు అడిగిండు. చెప్పిన. మండలం అడిగిండు. చెప్పిన. "ఊళ్లోనేనా మీ ఇల్లు? లేకుంటే కాలనీలనా?" అన్నడు. ఆయన ఉంటున్నది కూడా కాలనీలోనే. గోడ మీద కాలనీ సంక్షేమ సంఘం బోర్డు వేలాడుతున్నది. ఆ బోర్డు కింద నిలబడి ఆ మాటను రెండో అర్థంలో వాడేటప్పుడు ఆయనకు ఏ తడబాటూ లేదు. నేను నిజం చెప్పిన. రూం ఇంకెవరికో మాట ఇచ్చినమని చెప్పిండు.

ఈ మాటకు ఉన్న సౌలత్ ఇదే. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది. 2015 సవరణ తర్వాత, జనం చూసే చోట కులం పేరు పెట్టి తిట్టడం అందులో ప్రత్యేకంగా నేరం. ఆ చట్టం వచ్చినంక పాత కులం తిట్లు బయట కొంత తగ్గినయి. వాటి జాగాల "కాలనోళ్లు" వచ్చింది. "కాలనోళ్లకు ఏం తెలుసు", "కాలనీ పిల్లలతోని తిరగకు", "వాని మాట కాలనీ మాట". పోలీస్ స్టేషన్‌కు పోయి చెప్తే "అది అడ్రసే కదా, తిట్టెట్ల అయితది?" అంటరు. ఆ మాటలో ఉన్న అవమానాన్ని రుజువు చేసుకునే బాధ్యత అవమానపడ్డోని మీదనే పడుతది. ఇంగ్లీషు మాట కాబట్టి నాగరికంగా వినపడుతది. వినేటోనికి తగలవలసిన చోట తగులుతది.

అంబేద్కర్ అడిగింది ఇది కాదు

"వేరే ఉంచితే తప్పంటరు, మీ అంబేద్కరే వేరే ఊళ్లు కావాలన్నడు కదా" అని కొందరు వాదిస్తరు. ఈ వాదనకు మన కార్యకర్తలు జవాబు తెలిసి ఉండాలె.

1942 జులైలో నాగపూర్‌లో జరిగిన అఖిల భారత అణగారిన వర్గాల మహాసభ హిందూ గ్రామాలకు దూరంగా, స్వతంత్రంగా షెడ్యూల్డ్ కులాల గ్రామాలు ఏర్పాటు చేయాలని తీర్మానించింది. 1947లో అంబేద్కర్ రాసిన "రాష్ట్రాలు - మైనారిటీలు" అనే పత్రంలో దీన్ని రాజ్యాంగంలోనే పెట్టాలని కోరాడు. అందుకు ఒక సెటిల్‌మెంట్ కమిషన్ ఉండాలని, సాగులో లేని ప్రభుత్వ భూమిని దాని కింద పెట్టి ఆ ఊళ్లకు ఇవ్వాలని రాశాడు. ఆయన వాదన సూటిగా ఉంది. ఊళ్లో అంటరానివాళ్లు కొద్దిమంది, సవర్ణులు ఎక్కువమంది. భూమి వాళ్లది, కూలి వీళ్లది. ఈ ఏర్పాటు ఉన్నంతకాలం అంటరానితనం పోదు. కాబట్టి భూమితో సహా వేరు పడాలి.

ఇప్పుడు ఉన్న కాలనీని దీని పక్కన పెట్టి చూడండి. ఆయన అడిగింది భూమి ఉన్న ఊరు. వచ్చింది భూమి లేని వరుస ఇండ్లు. ఆయన అడిగింది పెద్ద ఊరి మీద ఆధారపడని చోటు. వచ్చింది కూలికి, పాలకు, కిరాణాకు, బస్సుకు రోజూ ఆ ఊరి మీదనే ఆధారపడే చోటు. వేరుపడడం మన చేతిలో ఉంటే అది విముక్తి అయ్యేది. ఇంకొకరు వేరుపెట్టి, పనికి మాత్రం పిలుస్తే అది పాత వాడే. రోమన్ల కొలోనియాలో కూడా ఇంటితోపాటు భూమి ఇచ్చారు. మనకు ఆ మాట ఇచ్చిండ్రు, దాని లోపల ఉన్న భూమిని తీసేసి ఇచ్చిండ్రు.

భూమి లేకుండా మన చేతిలో వేరుపడ్డ సందర్భం కూడా ఒకటి ఉంది. 1985 జులై 17న కారంచేడులో మాదిగపల్లె మీద దాడి జరిగి ఆరుగురిని చంపారు. మంచినీళ్ల చెరువు దగ్గర మొదలైన తగవు అది. బతికినవాళ్లు ఆ ఊరికి తిరిగి పోము అన్నారు. చీరాలలో ఉండి పోరాడారు. అక్కడ వాళ్లు స్థిరపడిన చోటు పేరు విజయనగర్ కాలనీ. అది కూడా కాలనీయే. కానీ ఆ మాట వెనుక దొరకు వంగం అన్న నిర్ణయం ఉంది. కాబట్టి మాటను చూసి తీర్పు చెప్పలేం. దాని వెనుక ఉన్న కథను చూడాలి.

పేరు తీసేస్తే

మహారాష్ట్ర ప్రభుత్వం 2020 డిసెంబరులో మహార్‌వాడా, మాంగ్‌వాడా వంటి కులం పేర్లున్న బస్తీల పేర్లు మార్చి సమతానగర్, భీంనగర్ వంటి పేర్లు పెట్టాలని నిర్ణయించింది. కేరళలో కాలనీ అంటే మర్యాద తెలియని మనుషులు అనే తిట్టుగా మారింది. 2024 జూన్‌లో అక్కడి ఎస్సీ, ఎస్టీ సంక్షేమ మంత్రి కె.రాధాకృష్ణన్ ఎంపీగా గెలిచి రాజీనామా చేస్తూ, ఆ మాట వాడొద్దని ఆఖరి ఉత్తర్వు ఇచ్చాడు. తమిళనాడులో ఊరు, కాలనీ అనే విభజన మనలాగే ఉంది. 2025 ఏప్రిల్‌లో అప్పటి ముఖ్యమంత్రి స్టాలిన్ ఆ మాటను ప్రభుత్వ రికార్డుల నుంచి, వాడుక నుంచి తీసేస్తామని శాసనసభలో ప్రకటించాడు.

వీటిని నేను తక్కువ చెయ్యను. అడ్రసు గడిలో కులం లేకుండా దరఖాస్తు పెట్టుకునే హక్కు మన పిల్లలకు ఉండాలె. అయితే రెండు సంగతులు మరిచిపోవద్దు.

మొదటిది, మాలవాడ పోయి హరిజనవాడ వచ్చింది. అది పోయి దళితవాడ, ఎస్సీ కాలనీ వచ్చినయి. ఇప్పుడు కాలనీ పోయి నగర్ వస్తది. ప్రతి కొత్త మాటా వచ్చినప్పుడు శుభ్రంగానే ఉండె. కొన్నేండ్లకు పాత మరక దానికీ అంటింది. ఎందుకంటే మరక మాటది కాదు, ఊరికీ మనకూ నడుమ ఉన్న రోడ్డుది. అంబేద్కర్ నగర్ అని బోర్డు పెడితే ఈ రోజు ఏ ఊళ్లోనైనా అదెవరి వాడనో చిన్నపిల్లగాడు కూడా చెప్తడు. మన వాడకు ఆ పేరు పెట్టుకున్నన్ని రోజులు ఎవరికీ అభ్యంతరం లేదు. అదే పేరు అందరి మీదికి వచ్చేసరికి ఏమైందో కోనసీమలో చూశాం. జిల్లా పేరుకు అంబేద్కర్ పేరు చేర్చాలన్నందుకు 2022 మే 24న అమలాపురంలో ఇండ్లు తగలబెట్టారు. మంత్రి ఇల్లు కూడా కాలింది.

రెండోది నిధుల సంగతి. 2013లో వచ్చిన ఉపప్రణాళిక చట్టం, తెలంగాణలో 2017లో దాని చోట వచ్చిన ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం ఎస్సీ ఆవాసాలను లెక్కలోకి తీసుకుంటయి. పేరు మార్చే తొందరలో ఆ లెక్కనే చెరిపేస్తే సీసీ రోడ్డు, నీళ్ల ట్యాంకు ఎవరి వాడకు పోతయో చెప్పనవసరం లేదు. బోర్డు మీద, బడి సర్టిఫికెట్ మీద, ఆధార్ మీద కులం పేరు పోవాలె. బడ్జెట్ పద్దులో మాత్రం ఆ జాగా ఎవరిదో స్పష్టంగా ఉండాలె. ఈ రెంటినీ విడదీసి అడగడం మన సంఘాలు నేర్చుకోవాలె.

పేరును మనమే ఎత్తి చూపిన పద్ధతి ఇంకొకటి ఉంది. 2016 జనవరిలో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో హాస్టల్ నుంచి గెంటేసిన రోహిత్ వేముల, ఆయన నలుగురు సహచరులు క్యాంపస్ నడుమ గుడారం వేసుకొని దానికి "వెలివాడ" అని పేరు పెట్టారు. జనవరి 17న రోహిత్ చనిపోయిన తర్వాత ఆ మాట దేశమంతా తెలిసింది. అందరూ దాచే మాటను వాళ్లు బోర్డు రాసి పెట్టారు. విశ్వవిద్యాలయంలో కూడా ఊరు, వాడ ఉన్నాయని చెప్పడానికి అంతకంటే సూటి మాట ఏ ఇంగ్లీషు పుస్తకంలోనూ దొరకదు. సిగ్గు ఆ మాట పెట్టుకున్నోళ్లది కాదని, పెట్టుకునే గతి పట్టించినోళ్లదని అది చెప్పింది.

మన లోపలి గీత

ఇతరుల గీత గురించి రాస్తూ మన గీతను దాచడం నిజాయితీ కాదు. ఎస్సీ కాలనీ అని సర్కారు ఒక్క పేరు పెట్టినా, చాలా ఊళ్లలో అవి రెండు కాలనీలు. మాలోళ్ల దిక్కు, మాదిగోళ్ల దిక్కు. రెండు బోర్లు, రెండు కమ్యూనిటీ హాళ్లు. డక్కలి, మాష్టి, చిందు కుటుంబాలు ఆ రెండింటికీ అవతల. 1994 జులై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో దండోరా మొదలైనప్పుడు ఎస్సీ అనే ఒక్క మాట లోపల ఉన్న ఈ ఎచ్చుతగ్గులను బయటపెట్టింది. కాలనీ మాటకు కూడా అదే వర్తిస్తది. ఊరు మనల్ని ఒక్కటిగా వెలివేసింది, మనం మాత్రం ఆ వెలిని మళ్లీ వాటాలు వేసుకున్నం. ఊరి పెద్దమనిషిని గీత చెరపమని అడిగే ముందు మన కాలనీలో ఏ ఇంటి నుంచి ఏ ఇంటికి నీళ్ల బిందె పోతదో, ఏ ఇంటికి పోదో చూసుకోవాలె.

ఏం చేయాలె

ఇది చదివే విద్యార్థులకు, టీచర్లకు ఒక పని చెప్పి ముగిస్తాను. మీ ఊరి కాలనీకి వాడుకలో ఎన్ని పేర్లున్నాయో రాయండి. ముసలోళ్లు ఏమంటరు, పిల్లలు ఏమంటరు, ఊరోళ్లు ఏమంటరు, రేషన్ కార్డు ఏమంటది, ఓటర్ల జాబితా ఏమంటది. ఆ జాగా ఏ సంవత్సరం వచ్చింది, ఎవరి భూమి, ఎన్ని గజాలు, ఊరి నడుమ నుంచి ఎన్ని అడుగుల దూరం, శ్మశానానికి తొవ్వ ఉందా. ఇవి ఏ దఫ్తరులోనూ ఒక్కచోట దొరకవు. మనం రాస్తేనే ఉంటయి. పేరు మార్చాలని ప్రభుత్వం ఎన్నడన్నా అడిగితే, ఏ పేరు కావాలో చెప్పడానికి కూడా ఇదే ఆధారం.

సాంఘికశాస్త్రం చెప్పే టీచర్లకు ఇంకొక్క మాట. వలస పాలన పాఠం చెప్పేటప్పుడు వెనుక బెంచీ నుంచి "మరి మన కాలనీ ఎవరిది సార్?" అని ఎవరన్నా అడిగితే, "కూసో" అనకండి. ఆ పిల్లను నిలబెట్టి, క్లాసుతో ఆ ప్రశ్నకు జవాబు వెతికించండి.